ఎడమ రెక్క కొస

శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నర

ఒరేయ్ పొడుగూ,

నీ జిగురుగాడు రాస్తున్న ఉత్తరం. పదకొండేళ్ల తర్వాత ఈ చేతిరాత చూసి చింపెయ్యకు. ఇక్కడ నేనూ, మా ఆవిడా, ఫొటో ఫ్రేముల కొట్టూ ఎప్పటిలాగే నడుస్తున్నాం. మీ ఇంట్లో అంతా కులాసాయేనని నీ కూతురు చెప్పింది. నీ మోకాళ్ల నొప్పి సంగతీ చెప్పింది. అంత ఎత్తు మనిషిని మోయడమంటే వాటికి మాత్రం మాటలా!

సోమవారం పొద్దున కొట్టు తీసేసరికి ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరని అడగక్కర్లేకపోయింది. నీలాగే ద్వారబంధం తగలకుండా తల వంచి లోపలికి వచ్చింది. చేతిలో పాత దుప్పట్లో చుట్టిన రెక్క. మీరు జిగురు మావయ్యేగా, ఇది నాన్న రిమోట్ విమానం ఎడమ రెక్క, అటక మీద దొరికింది, మిగతాదంతా కొత్తగా నేనే కట్టాను, దీని మీద అంటించిన పాత ప్లాస్టిక్ ఫిల్మ్ తీసేసి ఎర్రది వేసిపెట్టండి, నేను వేస్తే ముడతలు పడుతోంది అని గడగడా చెప్పేసింది. నాన్నకి తెలుసా అంటే, ఇక్కడికి వచ్చినట్టు తెలీదు, తెలిస్తే రానిచ్చేవారా అని నవ్వింది.

రేపు పొద్దున ఏడింటికి మన పాత మైదానంలోనే ఎగరేస్తుందట. నువ్వు పక్కన నిలబడతానన్నావట. అన్నిటికంటే విచిత్రం, నీతో పదకొండేళ్లుగా పలకని మీ అన్నయ్య కూడా వస్తానన్నాడట. పెదనాన్నకి కంచె దగ్గర కుర్చీ వేయిస్తానంది. ఆ మాట విన్నప్పుడు నా చేతిలో ఉన్న గాజు పలక కింద పెట్టేశాను.

అదే కంచె కదరా. నీకు గుర్తు చేయాల్సిన సంగతి కాదు, కానీ అది రాయకుండా మిగతాది రాయలేను. ఆ రోజు నీ విమానం మలుపు తిరుగుతుండగా కుడి రెక్క కొస విచ్చుకుపోయింది. విమానం పల్టీ కొట్టి తిన్నగా కంచె మీదికి వచ్చింది. అక్కడ నిలబడి చూస్తున్న మీ అన్నయ్య కుడి కన్ను పోయింది. కొసలు చేసింది నేను, ఎగరేసింది నువ్వు.

కొస అంటే ఎంత, ఒకటిన్నర మిల్లీమీటర్ల బాల్సా చెక్క పట్టీలు ఐదు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తెల్ల జిగురు పూసి, అచ్చు అంచు చుట్టూ ఒకదాని మీద ఒకటి వంచి, గుండుసూదులు గుచ్చి వదిలెయ్యడమే. అయితే రోజంతా కదపకూడదు. ముందే తీస్తే పైకి ఎండినట్టే కనిపిస్తుంది గానీ లోపలి పొరలు తడిగానే ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ నిటారుగా అయిపోవాలని చూస్తాయి. అందుకే గదా మన విమానాల క్లబ్బులో ఆ పద్ధతి పెట్టుకున్నాం. అచ్చు మీద ఎన్ని గంటలు ఉంచామో కొస లోపలి వైపు పెన్సిల్‌తో రాసి తీరాలి. రాసినదాన్ని ఎవరూ అనుమానించకూడదు.

విరిగిన కొస మీద ఇరవై ఆరు గంటలని ఉంది. అది చూసే కమిటీ చెక్కది తప్పు కాదని, నువ్వే మలుపు మరీ బిగించి తిప్పావని తేల్చింది. ఆ కమిటీలో నేనూ కూర్చున్నాను. అందరితోపాటు తల ఊపాను. నువ్వు ఆ సాయంత్రమే నీ రిమోట్ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయావు. అది ఇంకా నా దగ్గరే ఉంది.

సరే, ఈ వారం సంగతి. సోమవారం పాత ఫిల్మ్ ఒలిచాను. లోపల పెన్సిల్ గీతలు నిన్న రాసినట్టే ఉన్నాయి. పిల్ల వంగి చదివి, ఇది మీ రాతేగా మావయ్యా, ఇరవై ఆరు గంటలా, నాన్న ఒక రోజు చాలన్నారు గానీ కుడి కొసకి నేను రెండు రోజులు ఆగాను, పెదనాన్న వస్తున్నారు కదా అంది. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను పొడి చేతులు మళ్లీ తుడుచుకున్నాను. ఏదో చెబుదామని నోరు తెరిస్తే టీ తాగుతావా అని వచ్చింది.

ఆమె వెళ్లాక మన పాత అచ్చు వెతికి తీసి కొసని దాని పక్కన పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. మంగళవారం చూస్తే అచ్చుకీ కొసకీ మధ్యలో గోరు దూరింది. బుధవారం అగ్గిపుల్ల దూరింది. గురువారం గాజు కోస్తుంటే వెనక టిక్కుమని చిన్న చప్పుడు. తిరిగి చూస్తే బల్ల మీద రెక్క ఒక్కటే ఉంది. ఆ రోజు పెన్సిల్ దూరింది. ఇన్నేళ్లూ పాత ఫిల్మే దాన్ని పట్టి ఉంచింది, అది తీసేసరికి ఊపిరి పీల్చుకున్నట్టు మెల్లగా విచ్చుకుంటోంది. నాకు భయం వేసింది రా.

నిన్న పిల్ల ఫోన్ చేసి అయిందా అని అడిగింది. అయిపోయింది అన్నాను. అనేశాక ఇస్త్రీ పెట్టె వేడి చేసి ఎర్ర ఫిల్మ్ వేసేశాను. ఫిల్మ్ వేడికి బిగుసుకుని కొసని మళ్లీ లోపలికి లాగింది. ఇప్పుడు చూస్తే ముత్యంలా ఉంది. నువ్వు చూసినా కనిపెట్టలేవు.

అందుకే ఈ ఉత్తరం. అటక మీద పదకొండు ఎండాకాలాలు మగ్గిన రెక్క, ఆ వేడికి జిగురు సత్తువ పోయి ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ కొసతో మాత్రం ఎగరనివ్వకు. సాయంత్రం ఐదింటికి పిల్ల వస్తానంది. ఏదో వంక చెప్పి రెక్క నా దగ్గరే ఉంచుకుని ఈ ఉత్తరం ఆమె చేతికి ఇస్తాను. కొత్త కొస చేసిస్తాను, వచ్చే వారం ఎగరేసుకోండి. మీ అన్నయ్యకి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ జిగురుగాడు

తా.క.: కవరు కొనడానికి పక్క వీధికి వెళ్లాను. పది నిమిషాల పనికి గంట తిరిగాను, కొట్టుకి రాబుద్ధి కాలేదు. వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. నీ కూతురు ముందే వచ్చిందట. ఎంత నున్నగా వేశారో అని మురిసిపోయిందట. మా ఆవిడ రెక్కని దుప్పట్లో చుట్టి మరీ ఇచ్చి పంపిందట. పిల్లకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. నీ నెంబరు ఎప్పుడో మారిపోయింది.

పైన రాసింది అబద్ధం. అటక వేడి కాదు, జిగురు పాతబడడం కాదు. ఆ ఏడు పోటీలో నా విమానానికీ అవే కొసలు కావాలి, అచ్చేమో ఒక్కటే. నీ కుడి కొసని పొద్దున ఎక్కించి నాలుగు గంటలు మాత్రమే ఉంచి దింపేశాను, ఎడమ కొసని మధ్యాహ్నం నాలుగు గంటలు ఉంచాను, ఆ తర్వాత నావి ఎక్కించుకున్నాను. నీ రెండిటి మీదా ఇరవై ఆరు గంటలని రాశాను. నావి మాత్రం నిజంగానే రోజంతా ఆరాయి. నాకు రెండో బహుమతి వచ్చింది. నువ్వు మలుపు సరిగ్గానే తిప్పావు. ఈ మాట మీ అన్నయ్య ముందు నా నోటితోనే చెబుతాను, ఆయన నన్ను ఏం చేసినా సరే.

ఆగాల్సినప్పుడు తొందరపడ్డాను. ఇప్పుడు పరుగెత్తాల్సినప్పుడు వంకలు వెతుక్కుంటూ ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. సిగ్గుగా ఉంది రా.

చెప్పులేసుకున్నాను. మీ ఇంటికి రెండు బస్సులు మారాలి. నువ్వు తలుపు తీయకపోతే దీన్ని కింద నుంచి లోపలికి తోస్తాను. ముందు చివరి పేజీ చదవమని కవరు మీద పెద్ద అక్షరాలతో రాశాను. చదవగానే ఆ కొసని నీ మోకాలికి ఆనించి విరిచెయ్యి. ఆ చప్పుడు వినపడేదాకా నీ గుమ్మం ముందు నుంచి కదలను.