నేస్తం పేరు ఏ గడిలో రాయాలి?

జలంత్రకోట,
మే 4.

టెక్కలి బీమా ఆఫీసు పెద్దలకు అప్పన్న నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరి గురించే ఈ ఉత్తరం.

మీరు పంపిన కొత్త ఆరోగ్య బీమా కార్డు అందింది. నా పేరుంది, మా ఆవిడ దాలమ్మ పేరుంది. మూడో పేరు లేదు. ఫారంలో కుటుంబ సభ్యుల గడిలో శుభ్రంగా రాయించాను కదా, ఏం చేశారు? ఆయన మా నేస్తం, బారువ గున్నయ్య. (ఈ పేరు మటుకు దాలమ్మ రాసింది. ఎందుకో తర్వాత చెబుతాను.)

ఆయన సముద్రంలో వేట చేస్తారు. పడవ లాగీ లాగీ హెర్నియా తెచ్చుకున్నారు. ఆపరేషన్ చేయించుకోకుండా ఇంకోసారి పడవ లాగితే పేగు మెలిపడి ప్రాణం మీదికొస్తుందన్నారు డాక్టరు. జూన్ పద్నాలుగు దాకా వేట నిషేధం కాబట్టి ఒడ్డున ఉన్నారు. పదిహేనున ఎవరు కాళ్ళు పట్టుకున్నా ఆగరు. ఈలోగా ఆపరేషన్ కావాలి.

ఇట్లు,
అప్పన్న

తా.క. పోయినేడు నేనేమీ వాడుకోలేదని ఈ ఏడు కవరేజీ పెంచామన్నారు. నాకు పెద్ద జబ్బేదో వస్తుందని మీకు ముందే తెలిసిందా? రెండు రోజులుగా దాలమ్మ నన్ను కొబ్బరిచెట్టు ఎక్కనివ్వడం లేదు.

*

టెక్కలి,
మే 9.

శ్రీ అప్పన్న గారికి,

మీ ఉత్తరం చేరింది. మీ కుటుంబ పాలసీలో జీవిత భాగస్వామికి, పిల్లలకు (దత్తత సహా), తల్లిదండ్రులకు, అత్తమామలకు మాత్రమే చోటుంది. శ్రీ గున్నయ్య మీకేమవుతారన్న చోట "నేస్తం" అని ఉంది. మా కంప్యూటరులో ఆ గడి లేదు. బంధుత్వానికి రుజువు జతచేయగలరు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తెలుసుకోవడం మీ హక్కు. నచ్చకపోతే పై అధికారికి, ఆపైన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

భవదీయుడు,
జగదీష్
ఖాతాదారుల సేవా విభాగం

తా.క. కవరేజీ పెరిగింది మీరు ఆరోగ్యంగా ఉన్నందుకే. ఈ సంగతి దాలమ్మ గారికి చదివి వినిపించండి.

*

జలంత్రకోట,
మే 13.

జగదీష్ బాబుకి ఆశీస్సులు.

నేస్తం ఏమవుతాడని అడిగారా! మీది ఏ ఊరు బాబూ? నలభై ఏళ్ళ కిందట బారువ సంబరంలో, పెద్దల ముందు, కొత్తబట్టలు మార్చుకుని ఒకే ఆకులో తిని నేస్తం కట్టుకున్నాం. అప్పటినుంచి ఒకరి పేరు ఒకరం పలకకూడదు, రాయకూడదు. అందుకే ఆయన పేరు వచ్చినప్పుడల్లా కలం దాలమ్మకిస్తాను. ఇంతకంటే దగ్గరితనం ఏముంటుంది? మీ కంప్యూటరుకి అత్తమామలున్నారు గానీ నేస్తం లేడు. పాపం.

దత్తత సహా అన్నారు కదా, అదీ ఆలోచించాం. నాకు అరవై, ఆయనకు అరవై రెండు. మేమిద్దరం సరే అనుకున్నాం. ఆయన భార్య నూకమ్మ ఒప్పుకోలేదు. "అయితే నాను దాలమ్మకి కోడల్నా ఏటి? రేపట్నుంచి ఆవిడ సెప్పినట్టల్లా ఇనాలేటి?" అంది.

ఇక రుజువు. ఏటా నేను ఆయనకు కొబ్బరికాయలు పంపుతాను, ఆయన నాకు ఎండుచేపలు పంపుతారు. ఈ ఏటి మూట ఇంకా విప్పలేదు. రుజువుగా జతచేశాను.

ఇట్లు,
అప్పన్న

తా.క. కిటికీ దగ్గర విప్పండి.

*

టెక్కలి,
మే 19.

శ్రీ అప్పన్న గారికి,

రుజువు అందింది. పోస్ట్‌మన్ మా వీధి మలుపు తిరగకముందే ఆ సంగతి తెలిసింది. మేనేజరు గారు ఏసీ ఆపించి కిటికీలన్నీ తెరిపించారు. ఎండుచేపలను బంధుత్వ ధ్రువపత్రంగా స్వీకరించే నిబంధన లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. రాతపూర్వక కారణం ఇదే.

అది ఆఫీసు మాట. ఇది నా మాట. ఆయన ఇంట్లో బియ్యం కార్డు ఉందా? ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆయనకు సొంతంగా హక్కుంది, మీ పాలసీతో పనే లేదు. ఆధార్, బియ్యం కార్డు పట్టుకుని పథకం వర్తించే ఆసుపత్రికి వెళ్ళండి. ఆరోగ్యమిత్ర అని బల్ల ఉంటుంది, అక్కడ అడగండి. రేపు, మాపు అనకండి.

భవదీయుడు,
జగదీష్

తా.క. రుజువు తిరిగి పంపలేము. మా అమ్మ కాంతమ్మ దాన్ని వంకాయతో వండేసింది. పిత్తాశయంలో రాళ్ళతో నెల్లాళ్ళుగా సరిగా తినని మనిషి రెండు ముద్దలు ఎక్కువ తింది. ఆవిడకూ ఆపరేషన్ కావాలన్నారు. నేను ఔట్‌సోర్సింగ్ వాణ్ణి, ఈ ఆఫీసు పాలసీ మా ఇంటికి వర్తించదు. ఎప్పుడో చూడాలి.

*

జలంత్రకోట,
జూన్ 17.

జగదీష్ బాబుకి,

"ఆ కార్డు బియ్యానికి గదేటి, కోతకి కూడానా?" అని నేస్తం మొండికేశారు. నూకమ్మ బియ్యం డబ్బాలోంచి కార్డు తీసి ముందు నడిచింది. వెనకాల మేమిద్దరం.

ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర జ్యోత్స్న అనే అమ్మాయి అన్నీ రాసుకుని, "తోడొచ్చారు, మీరాయనకి ఏటవుతారు?" అంది. భయంభయంగా "నేస్తం" అన్నాను. "మా తాతకీ ఉండీవోరు" అని రాసేసుకుంది. మీ కంప్యూటరు కంటే ఆ పిల్ల నయం.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు నెలలు బరువులు ఎత్తొద్దన్నారు. మొన్న పదిహేనున పడవలు వెళ్ళాయి. ఈయన ఒడ్డున కుర్చీలో కూర్చుని, "ఒరే, ఇటు తిప్పరా, సచ్చినోడా!" అని ఒకటే అరుపులు. ఆ తిట్లు విని నాకు ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి బాబూ.

దీంతో ఒక ఉత్తరం జతచేశాను. జగదీష్ అని ఎవరో తెలివైనవాడు రాశాడు. ఎర్ర సిరాతో గీతలు గీసినచోట చదవండి. "ఆయన" అని ఉన్నచోటల్లా "మా అమ్మ" అని దిద్దాను. రేపు, మాపు అనకండి.

ఇట్లు,
అప్పన్న

తా.క. మీతో నేస్తం కట్టాలని ఉంది. మీ వయసు నా వయసులో సగం ఉంటుందేమో. మీ పాలసీలలాగా దీనికి వయోపరిమితి లేదు.

*

టెక్కలి,
జులై 22.

నేస్తానికి,

మొన్న ఆదివారం బారువ ఒడ్డున మీతో ఒకే ఆకులో తిన్న రుచి ఇంకా నోట్లోనే ఉంది. పెద్దమనిషిగా కుర్చీలోంచి మనిద్దరినీ తిట్టిన ఆయనకు నా నమస్కారాలు.

అక్కడ చెప్పలేకపోయిన మాట ఒకటి రాస్తున్నాను. మా బియ్యం కార్డు బీరువాలోనే ఉంది. నాలుగేళ్ళుగా ఆఫీసుకొచ్చిన ప్రతివారికీ ఆ దారి చెప్పాను, మా ఇంట్లో చెప్పుకోలేదు. ఎర్రగీతలు చూసి చాలా సిగ్గుపడ్డాను. ఇప్పుడు అమ్మ హాయిగా తిరుగుతోంది. ఆపరేషన్ అయి కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "ఆ రుజువులు మళ్ళీ ఎప్పుడొత్తాయిరా?"

మీ నేస్తం,
జగదీష్

తా.క. కవరు మీద చిరునామా రాయబోయి ఆగిపోయాను. మీ పేరు మేనేజరు గారి చేత రాయించాను. "నువ్వే రాయొచ్చు కదా?" అన్నారాయన. కారణం రాతపూర్వకంగా ఇస్తానన్నాను.