ఎన్ని గంటలైంది?

మార్చి 2, సోమవారం
ఆన్‌లైన్ క్లినిక్‌లో ఫార్మసిస్టుగా చేరి నెలయింది. కౌంటర్ లేదు, ఎదుట మనిషి ఉండడు. స్క్రీన్ మీద ఫారాలే. గర్భం రాకుండా ఎమర్జెన్సీ పిల్ కావాలన్నవాళ్లు "ఎన్ని గంటలైంది?" అన్నచోట టిక్ పెట్టాలి. మూడు రోజుల్లోపైతే మామూలు మాత్ర, ఐదు రోజుల దాకా ఇంకో రకం. వింతేమిటంటే అందరి టిక్కూ మొదటి గడిలోనే: 24 లోపు. మనవాళ్లు ఎందులోనైనా ఇంత తొందరపడ్డారా?

మార్చి 3
మందులు రాసే మా క్లినిక్ డాక్టరమ్మని అడిగాను. డిటెక్టివ్ పనులు మానెయ్యమంది. బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంది.

మార్చి 5, ఉదయం 10:20
ఒకావిడ ఫారం. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్ల తర్వాత ఉద్యోగం దొరికిందట, పదహారున చేరాలట. కింద, "దయచేసి కాదనకండి." టిక్ మాత్రం 24 లోపే. మరి కాదంటామని భయమెందుకు?

ఫోన్ చెయ్యకూడదు, చాట్ ఒక్కటే. గంటలడిగితే మళ్లీ అదే చెబుతుంది. అందుకని ఆ రోజు ఇంట్లో విశేషమేమిటని అడిగాను. టకీమని చెప్పేసింది: ఆడపడుచు వాళ్లు ఊరెళ్లిన రోజు. ఆదివారం రాత్రి.

వేళ్లు మడిచి లెక్కేశాను. ఎనభై నాలుగు గంటలు! ఆలస్యమైందంటే ఇవ్వరేమోనని అలా పెట్టానంది. ఆ టిక్‌ని నమ్మి మామూలు మాత్ర పంపేవాళ్లం.

సాయంత్రం 4:00
డాక్టరమ్మ రెండో రకం రాసింది. ఇందాకే అందిందట, వేసుకుందట. ఇదీ వందకు వంద కాదని, మూడు వారాల్లో పీరియడ్ రాకపోతే టెస్ట్ చేసుకోమని చెప్పాను.

మార్చి 9
ఫారంలో గడులు తీసేయించాం. ఇప్పుడు, "ఏ రోజు? ఆ రోజు విశేషమేమిటి? ఆలస్యమైనా ఫరవాలేదు, చెప్పండి." జవాబులు చదువుతుంటే కాలమే తెలియడం లేదు. కరెంటు పోయిన రోజు. పెద్దాడి లెక్కల పరీక్ష. పక్కింటివాళ్లు గొడవపడి, సర్దుకున్న రోజు.

మార్చి 18
ఆవిడ దగ్గర్నుంచి కబురు లేదు. ఉద్యోగంలో చేరిందో లేదో. నాకెందుకట? అయినా పొద్దున్నే ముందు ఆ చాటే తెరుస్తున్నాను.

మార్చి 26, మధ్యాహ్నం 2:40
"వచ్చింది," అని ఒక్క మాట. ఆఫీసు నుంచేనట. కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

కాసేపటికి, ఇంతకీ మీరు మనిషేనా, మెషీనా అని అడిగింది. మనిషినే అన్నాను.

"అయితే భోజనం చేశారా?"

చెయ్యలేదు.