మూడో సీటులో మా నాన్న

ఫెర్రీ లేన్, లోయర్ స్టాన్విక్
1958 మే 12

రెన్‌ఫోల్డ్ స్కూల్లో పాత పటాల బాధ్యత చూసే పెద్దమనిషి గారికి,

నేనెవరో మీకు తెలియదు. మీ స్కూలు గోడకు మూడు సందుల అవతల ఉంటాను. మొన్న శనివారం మీ హాల్లో పెట్టిన పాత ప్రింట్లు, ఫొటోలు చూడటానికి వచ్చాను. లండన్ బ్రిడ్జి మీద ఇళ్లున్న రోజుల నాటి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్ని కిటికీలు గీసినాయన ఒక్క కిటికీకైనా బట్టలు ఆరేయలేదు. విండ్సర్ కోట ప్రింటులోనైతే థేమ్స్ నది ఏకంగా కొండెక్కుతోంది. అరవై ఆరేళ్లుగా ఈ ఒడ్డునే ఉన్నాను, అది కొండెక్కగా నేనైతే చూడలేదు.

అసలు సంగతికి వస్తాను. మెట్ల పక్కన 1889 నాటి ఫొటో ఒకటుంది. అవతలి గట్టు కాసింగ్‌హర్స్ట్ స్కూలును పడవ పందెంలో ఓడించిన ఎనిమిదిమందీ తెడ్లు పట్టుకుని కూర్చున్నారు. అందులో మూడో సీటులో ఉన్నాయన మా నాన్న. ఆ చెవులు చూస్తూనే గుర్తుపట్టాను, రోజూ అద్దంలో చూసేవే. కింద బంగారు అక్షరాలతో ఏదో రాసి ఉంది కానీ కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. ఆయన పేరు మాలాంటి వాళ్లకు కూడా కనిపించేలా పెద్దగా రాయించాలని నా కోరిక. ఆయనకో కూతురుందని, ఈ ఊళ్లోనే ఉందని మీ స్కూలుకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే చెబుతున్నాను.

ఇట్లు,
డోర్కస్ క్వెల్చ్

తా.క.: ఆ రోజు మీరు పెట్టిన సీడ్ కేకు కూడా ప్రదర్శనలోదే అనుకుని ముందు ముట్టుకోలేదు.

రెన్‌ఫోల్డ్ స్కూల్
మే 15

శ్రీమతి క్వెల్చ్ గారికి,

తమ లేఖ అందింది. రెండుసార్లు కూర్చుని, మూడోసారి నిలబడి చదివాను.

తమరు మూడో సీటు అని రాశారు. పొరపాటున నాలుగో సీటు కాదు కదా? నాలుగో సీటాయన ఎటూ అప్రతిష్ఠపాలై ఆస్ట్రేలియా వెళ్లారు. ఆయనైతే మాకు అభ్యంతరం లేదు. మూడో సీటులోని మహనీయుడి పేరు ఈ ఉత్తరంలో రాయను. ఉత్తరాలు ఎవరి చేతిలోనైనా పడవచ్చు. ఆయన ఆజన్మ బ్రహ్మచారి అని మాత్రం మనవి చేస్తున్నాను. ఆ విషయం ఆయన సమాధి మీద కూడా చెక్కి ఉంది.

మరోసారి కళ్లద్దాలతో వచ్చి చూడవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
హ్యూబర్ట్ ప్రాథరో
చిత్రపటాల గౌరవ సంరక్షకుడు

తా.క.: ఈ సంగతి ఇంకా ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉంటే వాళ్లు ఎక్కువగా మాట్లాడే రకమా?

ఫెర్రీ లేన్
మే 17

ప్రాథరో గారికి,

బ్రహ్మచారా? ఎవరండీ ఆ మాట అన్నది? మేం ఆరుగురం!

పెళ్లి మీ గేటు పక్క చర్చిలోనే అయింది. అమ్మ మీ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నది మీ పడవల కొట్టం వెనక. మీ కాలర్లన్నీ ఆ వేసవిలో మాడిపోయాయంటే కారణం ఆయనే. ఇక సమాధి మీద ఏం చెక్కారో మీకెవరు చెప్పారో కానీ, "సమాధి రాళ్లు కొట్లో పేర్చిన డబ్బాల్లా ఉంటాయి, నాకొద్దు" అని ఆయనే అంటే మేం ఉత్త చెక్క పలక పెట్టాం.

ఆయన పెద్ద భక్తుడేమీ కాదని నేనూ ఒప్పుకుంటాను. చర్చికి ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాడు, అదీ క్రిస్మస్ నాడు గూస్ బాతు కూర వండేలోపు అమ్మకు అడ్డం లేకుండా. నోరు కూడా మంచిది కాదు. తెడ్డుకు అడ్డమొస్తే హంసలను సైతం వాటి తల్లుల పేరెత్తి తిట్టేవాడు. అయినా మనసు వెన్న. పేరు రాయించడానికి ఇంత ఆలోచన దేనికండీ? రంగు లేకపోతే నేను పంపిస్తాను.

ఇట్లు,
డోర్కస్ క్వెల్చ్

తా.క.: ఎవరికైనా చెప్పానా అని అడిగారు. ఫెర్రీ లేన్‌లో చెప్పేదేముంది? సగం వీధికి అవే చెవులు.

రెన్‌ఫోల్డ్ స్కూల్
మే 20

శ్రీమతి క్వెల్చ్ గారికి,

"సగం వీధి" అన్న చోట హెడ్‌మాస్టర్ గారు సోఫా మీద వాలిపోయారు. ఇంకా లేవలేదు.

మా పరిస్థితి కాస్త అర్థం చేసుకోండి. ప్రార్థన మందిరంలో తూర్పు వైపు రంగుల కిటికీ ఆయనదే. ఆయన రాసిన 'యువకులకు నిగ్రహ బోధ' అనే చిన్న పుస్తకాన్ని కింది తరగతి పిల్లలచేత ప్రతి సోమవారం చదివిస్తున్నాం. చర్చిలో రహస్య వివాహం జరిగిందంటున్నారు. లాండ్రీ అంటున్నారు. ఆ హంసల మాట విన్నాక మా స్కూలు పాదిరి చాప్లిన్ గారు నది వైపు కిటికీ మూసేశారు.

తమకు ఏ లోటూ రానివ్వం. తమరు మెచ్చుకున్న లండన్ బ్రిడ్జి ప్రింటును ఫ్రేముతో సహా తమ ఇంటికి పంపిస్తాం. కొండెక్కే నది కూడా కావాలంటే అదీ తీసుకోండి. బదులుగా తమరు, తమ తోబుట్టువులు, వీలైతే ఆ సగం వీధి, మౌనంగా ఉండాలి.

భవదీయుడు,
హ్యూబర్ట్ ప్రాథరో

తా.క.: ఇది చరిత్ర కోసం మాత్రమే అడుగుతున్నాను. బిషప్ గారు తమ తల్లిగారిని ముద్దుగా ఏమని పిలిచేవారు?

ఫెర్రీ లేన్
మే 22

ప్రాథరో గారికి,

ఏ బిషప్పండీ?

మీ ఉత్తరం చదివి, కళ్లద్దాలు పెట్టుకుని, టోపీ కూడా పెట్టుకోకుండా మీ హాలుకు పరిగెత్తుకొచ్చాను. బంగారు అక్షరాలు ఇప్పుడు చదివాను. '3. ఎవరార్డ్ లాంగ్‌స్టాఫ్, తరువాత బిషప్' అట! మెట్ల మీద కూలబడి నవ్వాను. మీ పనిమనిషి మంచినీళ్లు తెచ్చింది. ఆ తరువాత నవ్వు ఆగిపోయి ఏడుపొచ్చింది. అది కూడా ఆమే చూసింది.

ఆయన పేరు అమోస్ స్ట్రడ్విక్. మీ స్కూలు పడవవాడు. నలభై ఒక్క ఏళ్లు మీ పడవలు కట్టాడు, తారు పూశాడు, మునిగిన మీ పిల్లలను జుట్టు పట్టుకుని పైకి లాగాడు. పందెం రోజు ఉదయం ఆ లాంగ్‌స్టాఫ్ అనే కుర్రాడు పచ్చి గూస్‌బెర్రీలు బుట్టెడు తిని కడుపు పట్టుకున్నాడు. వేరే మనిషి లేడు. మీ పడవల మాస్టారు మా నాన్నకు చొక్కా, టోపీ తొడిగి, "అమోస్, నోరు మాత్రం తెరవకు, నువ్వు నోరు తెరిస్తే మనం దొరికిపోతాం" అన్నాడట. ఏడు నిమిషాలు ఒక్క హంసనైనా తిట్టకుండా తెడ్డు వేశాడు మా నాన్న. ఆయన జీవితంలో అంత కష్టపడింది ఆ రోజే.

ఇక అక్షరాల సంగతి. మన ఊరి పెయింటరు పని త్వరగా తెముల్చుకుందామని, పందేనికి వారం ముందే జట్టు జాబితా చూసి అట్ట మీద పేర్లన్నీ రాసేసేవాడు. ఫొటో తరువాత వచ్చి అతుక్కునేది, ఆ 'బిషప్' అన్న ముక్క ఎన్నో ఏళ్లకు చేరి ఉంటుంది. ఎవరు కూర్చున్నారని ఎవడు చూశాడు?

ఆయన కట్టిన పడవలకు లార్డుల పేర్లు పెట్టారు. ఆయన పేరు మీ గోడల మీద ఎక్కడా లేదు. పోయే ముందు వారం నన్ను పిలిచి, "డోరీ, ఆ పటం ఇంకా ఉందా?" అని అడిగాడు. నాకు తెలియదు. ఉందని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నిజమైందని మీ ప్రదర్శన రోజు తెలిసింది. అందుకే అడుగుతున్నాను, మరేమీ వద్దు. మీ బ్రిడ్జి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
అమోస్ స్ట్రడ్విక్ కూతురు డోర్కస్

తా.క.: ఫొటోలో కుడి అంచున ఒక పొద, దాని పైన ఎవరిదో టోపీ కనిపిస్తాయి, చూడండి. మీ బిషప్ గారు అక్కడున్నారు.

రెన్‌ఫోల్డ్ స్కూల్
మే 28

శ్రీమతి క్వెల్చ్ గారికి,

తమ ఉత్తరం చదవగానే హెడ్‌మాస్టర్ గారు సోఫా దిగి, రెండు మటన్ చాప్స్ తిని, "మన బిషప్ నిప్పు!" అని మేడంతా తిరిగారు. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా నిలిచింది.

మధ్యాహ్నం మా పడవల మాస్టారు 1889 నాటి పందెం నియమాలు తెచ్చారు. కూలికి పని చేసే మనిషి, అందులోనూ పడవవాడు, తెడ్డు పట్టుకుంటే ఆ గెలుపు చెల్లదట. వరసగా మూడేళ్లు గెలిచిన స్కూలుకు వెండి కప్పు శాశ్వతంగా దక్కుతుంది. మూడో ఏడు 1889. అది పోతే కప్పు కాసింగ్‌హర్స్ట్‌కు పోతుంది. అరవై తొమ్మిదేళ్లుగా ఆ కప్పును చూపించి వాళ్లను ఎద్దేవా చేస్తూ బతుకుతున్నాం. కొంప మునిగింది.

కమిటీ మూడు గంటలు కూర్చుంది. రెండు దారులే కనిపించాయి: పడవలో పడవవాడు ఉన్నాడని ఒప్పుకోవడం, లేదా బిషప్ గారికి ఆరుగురు పిల్లలున్నారని ఒప్పుకోవడం. చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండుకు వ్యతిరేకంగా ఏడు ఓట్లతో, తమరు బిషప్ గారి కుమార్తె అని తీర్మానమైంది. అభినందనలు. తమ అయిదుగురు తోబుట్టువులతో సహా జూన్ 7, శనివారం భోజనానికి ఆహ్వానం. చివర్లో 'రుబార్బ్ పై' అనే తీపి వంటకం కూడా ఉంటుంది. రంగుల కిటికీ కింద కుర్చీ తమదే. నిగ్రహ బోధ సోమవారం నుంచి ఆపేస్తున్నాం.

భవదీయుడు,
హ్యూబర్ట్ ప్రాథరో

తా.క.: ఆ రెండు ఓట్లలో ఒకటి నాది. రెండోది పొరపాటున చెయ్యెత్తిన చాప్లిన్ గారిది.

ఫెర్రీ లేన్
జూన్ 2

ప్రాథరో గారికి,

మీ తీర్మానం చదివాక నా ఒళ్లు మండింది. అరవై ఆరేళ్ల వయసులో తండ్రిని మార్చుకోమంటారా? అదీ గూస్‌బెర్రీలు అరాయించుకోలేనివాణ్ని తెచ్చి?

కోపం మీద రేవు దాటి నేరుగా కాసింగ్‌హర్స్ట్ వెళ్లాను. వాళ్ల పటాల ఆయనను పిలిచి, "మీ కప్పు మీరు తెచ్చుకోండి, అవతల మా నాన్న తెడ్డు వేశాడు" అన్నాను. ఆయన ఎగిరి గంతేసి, "ఆ రోజు ఓడిపోయిన మా జట్టు కూడా చూడండమ్మా, పాపం ఎంత అన్యాయమైపోయారో" అంటూ వాళ్ల ఫొటో చూపించాడు. ఈసారి కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లాను.

అయిదో సీటులో మా మేనమామ సాల్ బన్స్ ఉన్నాడు. అమ్మకు స్వయానా అన్న. కాసింగ్‌హర్స్ట్ పడవవాడు. కింద మాత్రం 'తరువాత హైకోర్టు జడ్జి' అని బంగారు అక్షరాలతో రాసి ఉంది. నాన్న తన సంగతి చెప్పాడు కానీ, బావమరిది పరువు తీయలేదు. మావయ్యా అంతే. అవతలి పడవలో బావను చూసి కూడా నోరు మెదిపి ఉండడు, తన సంగతీ బయటపడుతుందేమోనని. "ఈయన మా మావయ్య" అని చెప్పగానే ఆ పటాల ఆయన పక్కనున్న టవర్ బ్రిడ్జి ప్రింటు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

కాబట్టి కప్పు ఎక్కడికీ పోదు. మీరు వాళ్లను అనలేరు, వాళ్లు మిమ్మల్ని అనలేరు. ఎవరైనా నోరెత్తితే ఇద్దరి గెలుపోటములూ నదిలో కలుస్తాయి. ఆ మాట వాళ్ల చేత ఇద్దరు సాక్షుల ముందు ఒప్పించాను. రేపు ఉదయం వాళ్ల పెయింటరు మావయ్య పేరు రాస్తున్నాడు. మీరు వెనకబడతారో లేదో మీ ఇష్టం.

శనివారం భోజనానికి ఆరుగురమూ వస్తున్నాం. ఎవరి పిల్లలమో మెట్ల పక్కన గోడ మీద ఉండాలి. అది చదివాకే కూర్చుంటాం.

ఇట్లు,
డోర్కస్ క్వెల్చ్

తా.క.: 'అమోస్ స్ట్రడ్విక్, పడవవాడు' అని రాయించండి. పేరు ఒక్కటే రాస్తే మీ పిల్లలు ఎవరో లార్డు అనుకుంటారు. పడవవాడు అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ మాటకు భయపడే కదా ఆయన చేత ఏడు నిమిషాలు నోరు మూయించారు.