మూడులోంచి ఒకటి పోతే

శ్రీవారికి,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. "అందరం" అని రాయబోతే కలం ఆగింది. మీరూ, అక్కడ మీరు కడుతున్న వంతెనా కులాసా అని తలుస్తాను.

మీరడిగినవి చెబుతాను. వంటింటి కుళాయి బాగయింది. అమ్మాయికి దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అక్కడివాళ్లు ఇంకో ఏడాది ఉండమంటున్నారు, ఏం చెప్పమంటావని మళ్లీ అడిగారు. దానికి చివర్లో వస్తాను.

లెక్కల క్లాసులో కొత్తగా ఏం చేస్తున్నావన్నారుగా. ఇదివరకు బోర్డు మీద ఒక లెక్క చేసి చూపిస్తే పిల్లలు అలాంటివే పది చేసేవారు. అంకెలు మారేవి, బుర్రలు కదిలేవి కావు. ఇప్పుడు జవాబు నేనే రాసేస్తాను, దానికి ప్రశ్న వాళ్లు కట్టాలి. కట్టినవాళ్లని మిగతావాళ్లు "ఎందుకు?" అని నిలదీయాలి. "తప్పు" అనే మాట ఎవరూ అనకూడదు, నాతో సహా. క్లాసు చేపల బజారులా ఉందని పెద్ద మేడంకి చిరాకు. పడనివ్వండి. ఎన్నడూ నోరెత్తని వెనక బెంచీ పిల్ల మొన్న భిన్నాలతో ప్రశ్న కట్టి నాకే చెమటలు పట్టించింది.

సోమవారం బోర్డు మీద "3" అని రాశాను. మన అమ్మాయి లేచింది.

"ఇంట్లో ముగ్గురు. ఒకరు పనిమీద ఊరెళ్లారు. రాత్రికి అమ్మ ఎన్ని కంచాలు పెడుతుంది?"

అందరూ గొల్లున నవ్వారు. టీచర్ కూతురికి తీసివేతలే రావని ఎగతాళి చేశారు. వెనక బెంచీ పిల్ల మాత్రం నవ్వకుండా, మూడు ఎందుకని అడిగింది.

"టీచర్‌నే అడుగు," అంది మీ కూతురు.

నేను పెట్టిన పద్ధతి నా మెడకే చుట్టుకుంది. తప్పు అనడానికి లేదు. ఎందుకో చెప్పే బదులు, చేతిలోనే ఉన్న సుద్దముక్క కోసం బల్లంతా వెతికాను. అంతలో గంట కొట్టారు, బతికిపోయాను.

అవునండీ, పెడుతున్నాను. మొదట్లో అలవాటుకొద్దీ చెయ్యి మూడు తీసేది. ఇప్పుడు తెలిసే తీస్తున్నాను. అన్నాలయ్యాక మీ కంచం కూడా కడిగి బోర్లిస్తాను. పిల్ల గమనించడం లేదనుకున్నాను.

పోయిన ఉత్తరంలో "మీ ఇష్టం" అని రాశాను చూడండి, అది పక్కవాళ్లది చూసి దింపిన జవాబు. భార్య అన్నాక అలాగే రాయాలి కాబోలనుకున్నాను. మళ్లీ అడిగారంటే మీకూ అనుమానం వచ్చినట్టే. నాకు మీరు కావాలి. ఆ వంతెన ఇంకొకరు కడతారు.

జవాబు నేను రాసేశాను: మూడు. అక్కడివాళ్లతో ఏం చెబుతారో, ఏ బండెక్కుతారో, అదంతా మీరే కట్టుకోండి. ఎందుకని మాత్రం అడక్కండి.

ఇట్లు,
మీ కంచం పక్కనే కూర్చుని తినే
మీ ఆవిడ