శ్యామలమ్మ అడిగిన చందా

ప్రొద్దుటూరు,
ఆదివారం.

స్వర్ణలత పిన్నికి,

చాపాడు పొలాల్లో పనిచేసే ఆడవాళ్ల ఫోటోలతో పుస్తకం వేయడానికి ఇంటర్నెట్‌లో చందాలు అడుగుతానని చెప్పాను కదా. అందుకు నేను మాట్లాడే వీడియో కావాలి. నిన్న చేను గట్టున ఫోన్ ముందు నిలబడితే నోరు పెగల్లేదు. కలుపు తీస్తున్న శ్యామలమ్మ లేచొచ్చి నన్ను పక్కకు జరిపింది.

"ఆధార్ కార్డులో తప్ప మా మొగాలు యాడా లేవప్పా. ఈ పాప తీస్తాంది. తలా ఇంత ఎయ్యండి," అంది ఫోన్ వైపు చూసి.

ఆ వీడియోనే పెడుతున్నాను. చందాలడిగితే పరువు పోతుందన్న నాన్నకూ చూపించాను. ఇప్పుడు మన బట్టల అంగడికొచ్చిన వాళ్లందరికీ ఆయనే చూపిస్తున్నాడు. పులివెందులలో నువ్వూ నలుగురికి చూపించు.

ఒకటే చిక్కు. కొత్త చీర కడితే గానీ ఫోటో తీయనివ్వనంటోంది శ్యామలమ్మ. నాన్న అప్పుడే ఒకటి తీసి పక్కన పెట్టాడు.

నీ అక్క కూతురు