చూడలేదని చెప్పిన మనిషి

ఆదివారం, పెనుకొండ

ఈ రోజు మా ఆయన్ను చూస్తే గర్వంగా ఉంది. హిందూపురంలో దివ్యజ్ఞానం, అదే థియోసఫీ, చదువుకునే మిత్రుల సభలో ఆయన మొదటి ప్రసంగం. బుద్ధుడైనా, మహాత్ములనే గురువులైనా మనలాగే మనుషులుగా పుట్టి, జన్మజన్మలుగా తమను తాము దిద్దుకుని పరిపూర్ణులయ్యారని చక్కగా చెప్పారు.

కానీ మొదలుపెట్టకముందే సభ నడిపే పెద్దాయన మా ఇద్దరినీ పక్కకు పిలిచి, ఈయనతో “ధ్యానంలో ఒక గురువు కనపడినాడని చెప్పప్పా. జనం ఇంకా వస్తారు” అన్నాడు. ఈయన ఏం చెబుతారోనని చివరిదాకా ఎదురుచూశాను.

చివర్లో ముందు వరుసలోంచి ఒక అవ్వ లేచి అడిగింది. “ఏమప్పా, అట్లాంటోళ్లను నువ్వు చూసినావా?”

పెద్దాయన ఈయన వైపే చూస్తున్నాడు. ఈయన అవ్వ వైపు తిరిగారు.

“లేదవ్వా, చూడలేదు. చదివినానంతే. మనిషి ఆడిదాకా పోగలడని మాత్రం నమ్ముతాండా.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన ముఖం మాడిపోయింది.

బస్సు సోమందేపల్లి దాటాక, “సభ చెడగొట్టినానా?” అని అడిగారు.

“ఆ అవ్వ మీకు దండం పెట్టింది, చూసినారా?” అన్నాను.

“నాకా?” అని కిటికీ వైపు తిరిగిపోయారు.

వచ్చే నెల ధర్మవరం సభకు ఈయన్ను పిలుస్తామని సభవాళ్లు ముందే అన్నారు. ఇక పిలుస్తారో లేదో. పిలవాలనే నా ఆశ...

పరిపూర్ణులైన గురువులను నేనూ చూడలేదు. అబద్ధమాడితే చప్పట్లు పడే చోట నిజం చెప్పిన మనిషిని మాత్రం ఈ రోజు చూశాను.