టైర్లా, బ్రేకులా, స్ప్రింగులా?

లాక్లన్ బావా,

కోన్ల మధ్య మెలికలు తిప్పే మన పందెం కారుకు ముందు ఏం మార్చాలో తేలక బుర్ర పాడైపోతోంది. నువ్వేమో టైర్లన్నావు. క్లబ్బులో డెస్మండ్ స్ప్రింగులంటాడు, వాళ్లావిడ బ్రేకులంటుంది. ఆదివారం టూవూంబా మైదానంలో కారు మలుపు మలుపుకీ జారి కోన్లన్నీ పడగొట్టింది. తప్పు టైర్లదేనని అందరికీ గట్టిగా చెప్పాను.

ఈ పందెంలో ఒకే కారును ఇద్దరు నడపొచ్చు కదా! శాండ్‌విచ్‌లు తెచ్చిన మీ అక్క మోయిరా, "ఏదీ, నన్నో రౌండు తిప్పనీ" అంటూ ఎక్కేసింది. అవే టైర్లు, అవే బ్రేకులు. ఒక్క కోనూ కదల్లేదు. నాకంటే తక్కువ టైములో వచ్చేసింది!

ఇప్పుడా టైర్లు బాగున్నట్టా, లేనట్టా? ఇంటికొచ్చేదాకా తను నవ్వుతూ కూర్చుంది.

వెంటనే జవాబు రాయి బావా. తప్పు టైర్లదేనని రాయి. నీ ఉత్తరం ముందు విప్పేది తనే.

మీ బావ